కీజి చెక్క చర్చిలో నిజంగానే ఒక్క మేకు కూడా లేదా? చూసొచ్చినవాళ్లు చెప్పగలరా

అడితి_వారబ్బాయి

అందరికీ నమస్కారం. నేను సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మెడిసిన్ నాలుగో ఏడాది చదువుతున్నాను. జూలైలో అమ్మానాన్న వస్తున్నారు. ఊళ్లో ఉన్న ప్యాలెస్‌లూ మ్యూజియంలూ ఎలాగూ చూపిస్తాను గానీ, నాన్న మాత్రం ఒక్కటే పట్టుకుని కూర్చున్నారు, ఓనెగా సరస్సులో కీజి అనే దీవి మీద ఉన్న చెక్క చర్చి చూడాలి అని. మాది రాజమండ్రి, నాన్న ముప్పై ఏళ్లు కలప అడితి నడిపారు. టేకు, మద్ది, వేగిస చెయ్యి పెట్టి చెప్పేస్తారు ఏ వయసు మానో. ఆయనకి ఎవరో వాట్సాప్‌లో ఆ చర్చి ఫోటో పంపారు, కింద "1714లో ఒక్క మేకు కూడా వాడకుండా పైన్ చెక్కతో కట్టారు" అని రాసి ఉంది. అప్పటినుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ అదే మాట.

ఆయన అడిగినవి మూడు. మేకు లేకుండా 37 మీటర్ల ఎత్తు ఎలా నిలబడింది? పైన్ అంటే మన దగ్గర ప్యాకింగ్ పెట్టెలకి వాడే మెత్తటి కర్ర, అది మంచులో వానలో 300 ఏళ్లు ఎలా ఆగింది? ఇంకోటి, ఇప్పుడున్నది అసలు పాతదేనా, లేక ఎప్పుడో విప్పేసి కొత్తది కట్టి పాతదని చూపిస్తున్నారా?

నాకు రష్యన్ మాట్లాడటం వచ్చు గానీ ఈ కట్టడాల భాష అస్సలు అర్థం కావట్లేదు. ఆయన్ని తీసుకెళ్లి అక్కడ నిలబెట్టి "ఇదే నాన్నా" అని ఊరుకుంటే ఆయనకి సరిపోదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. ఎలా వెళ్లాలో కూడా చెబితే మేలు.

ఉత్తరాది_ప్రయాణం

తమ్ముడూ, నేను రెండేళ్ల కింద ఆగస్టులో వెళ్లాను, ముందు దారి సంగతి చెప్పేస్తా. పీటర్స్‌బర్గ్ నుంచి పెత్రజవోద్స్క్‌కి పగటి రైలు ఉంది, ఐదు గంటల పైచిలుకు. రాత్రి అక్కడే ఉండండి, పెద్దవాళ్లతో ఒకే రోజులో వెళ్లి రావాలని మాత్రం పెట్టుకోవద్దు. పొద్దున్నే రేవు నుంచి నీళ్ల మీద తేలిపోతున్నట్టు వెళ్లే స్పీడ్ బోట్లు ఉంటాయి, గంటంబావులో దీవికి చేరుస్తాయి. సరస్సు గడ్డకట్టని నెలల్లోనే ఇవి తిరుగుతాయి, జూలై అంటే మంచి టైమే. గాలి ఎక్కువైతే బోట్లు ఆపేస్తారు కాబట్టి వెనక్కి వచ్చే రైలు టికెట్ మరీ బిగించి పెట్టుకోకండి.

పేరు మీరు రాసినట్టే కీజి, ముందక్షరాన్ని నొక్కి పలకాలి. చాలామంది "కిజీ" అంటారు, అక్కడివాళ్లు వెంటనే సరిచేస్తారు.

బోటులో కుడివైపో ఎడమవైపో అని కాదు, ఎక్కడ కూర్చున్నా దీవి దగ్గరపడుతున్నప్పుడు లేచి బయటికి చూడమని నాన్నగారికి చెప్పండి. చదునైన గడ్డి నేల, దాని మీద ఒక్కసారిగా ఆ గుమ్మటాల గుంపు లేస్తుంది. నేను ఫోటోల్లో వందసార్లు చూసి వెళ్లాను, అయినా నోట మాట రాలేదు. మొత్తం 22 గుమ్మటాలు. ఎక్కడ నిలబడినా 22 కనపడవు, ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి, చుట్టూ తిరుగుతూ లెక్కపెట్టుకోవాల్సిందే. నేను మూడుసార్లు లెక్క తప్పాను.

ఒక జాగ్రత్త. దీవిలో గడ్డిలో విషపు పాములుంటాయి, బోర్డులు కూడా పెట్టారు. వేసిన బాట దిగి ఫోటోల కోసం గడ్డిలోకి వెళ్లకండి.

కట్టడం గురించి నాకు అంత తెలియదు, ఇక్కడ ఆర్కిటెక్చర్ వాళ్లు ఉన్నారు, వాళ్లు చెబుతారు.

స్తంభం_దూలం

నేను ఆర్కిటెక్ట్‌ని, పాత కట్టడాల మరమ్మతు నా పని. కీజి గురించి చదివీ చదివీ చివరికి వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చినదాన్ని, కాబట్టి కొంచెం పెద్దదిగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు అది ఒక చర్చి కాదు, మూడు కట్టడాల గుంపు. పెద్దది క్రీస్తు రూపాంతరం పేరు మీదున్న చర్చి, 1714ది. పక్కన మేరీమాత పేరుతో పక్రోవ్ చర్చి, తొమ్మిది గుమ్మటాలు, ఇప్పుడున్న రూపం 1764 నాటిది. మధ్యలో గంటల గోపురం, 1862లో కట్టి 1874లో మళ్లీ బాగుచేశారు. చుట్టూ దుంగల ప్రహరీ, లోపల సమాధులు. దీన్నంతా కలిపి "పగోస్త్" అంటారు. చుట్టుపక్కల దీవుల్లో, ఒడ్డున ఉన్న చిన్న చిన్న పల్లెలన్నిటికీ ఇదే కేంద్రం. జనం పడవల మీద వచ్చేవాళ్లు. పండక్కీ పెళ్లికీ చావుకీ ఇక్కడికే రావాలి, ఊరి తగవులు తీర్చుకోవడం, కబుర్లు చెప్పుకోవడం కూడా ఇక్కడే. అందుకే ఇంత చిన్న దీవికి ఇంత పెద్ద చర్చి. రాజుగారు కట్టించింది కాదు, చుట్టుపక్కల రైతుల చర్చి.

రెండు చర్చిలు ఎందుకంటే, పెద్దదానికి పొయ్యి లేదు. వేసవిలో మాత్రమే వాడేవాళ్లు. చలికాలానికి పక్కనున్న పక్రోవ్. అందులో వెచ్చచేసుకునే ఏర్పాటు ఉంది. ఉత్తర రష్యా పల్లెల్లో ఇలా జంట చర్చిలు మామూలే.

అంతకుముందు అక్కడ పాత చర్చి ఉండేది, 17వ శతాబ్దం చివర్లో పిడుగు పడి కాలిపోయింది. దాని చోటనే ఇది లేచింది.

ఇప్పుడు నాన్నగారి మొదటి ప్రశ్న. ఇది మన ఇళ్లలా స్తంభాలు నిలబెట్టి దూలాలు వేసిన పద్ధతి కాదు. స్తంభమే లేదు. దుంగల్ని పడుకోబెట్టి, నాలుగు మూలలా ఒకదానికొకటి గాడి కొట్టి కూర్చోబెట్టి, ఆ చట్రం మీద ఇంకో చట్రం, దాని మీద ఇంకోటి, ఇలా పేర్చుకుంటూ పోతారు. ఒక్కో వరసని "వెనెత్స్" అంటారు, కిరీటం అని అర్థం. మొత్తం పెట్టెని "స్రూబ్" అంటారు. పై దుంగ బరువే కింది దుంగని కదలకుండా పట్టుకుంటుంది, బరువు పెరిగేకొద్దీ మూలలు ఇంకా బిగుసుకుంటాయి. దుంగకీ దుంగకీ మధ్య ఎండిన నాచు దట్టిస్తారు, గాలి రాకుండా. ఇందులో మేకుకి పనే లేదు. కాబట్టి గోడల వరకు ఆ మాట నిజం.

కానీ చర్చి మొత్తానికి ఒక్క మేకు లేదన్నది నిజం కాదు. గుమ్మటాల మీద చెక్క పెంకులు ఉన్నాయి కదా, వాటిని మేకులతోనే బిగించారు. ఆ మాట వాట్సాప్‌లోనే కాదు, గైడ్లు కూడా చెబుతుంటారు. నాన్నగారు పైకి చూసి "ఆ పెంకు దేని మీద ఆగింది?" అని అడిగితే మీరు ఇబ్బంది పడకూడదని ముందే చెబుతున్నా.

ఆకారం ఎలా వచ్చిందో వింటే ఆయనకి బాగా నచ్చుతుంది. నడిమిన ఎనిమిది మూలల పెద్ద స్రూబ్. దానికి నాలుగు దిక్కులా నాలుగు భుజాలు, ఒక్కో భుజం మెట్టులా రెండంతస్తులు. పెద్ద ఎనిమిది మూలల దాని మీద ఇంకో చిన్న ఎనిమిది మూలల పెట్టె, దాని మీద ఇంకా చిన్నది. భుజాల మీద కింది మెట్టుకి నాలుగు గుమ్మటాలు, పై మెట్టుకి నాలుగు, ఆ పైన పెద్ద ఎనిమిది మూలల చుట్టూ ఎనిమిది, దాని పైన నాలుగు, కొసకి ఒకటి. 21 అయ్యాయా? 22వది తూర్పున బలిపీఠం గది మీద ఉంటుంది. లెక్క తప్పేది అక్కడే. పై అన్నకి కూడా ఈ లెక్క పనికొస్తుంది.

చాలా గుమ్మటాల కింద పీపాని అడ్డంగా పడుకోబెట్టి పైన కొస తీసినట్టు ఒక కప్పు కనపడుతుంది. దాన్ని "బోచ్కా" అంటారు, పీపా అనే అర్థం. కన్ను ఎక్కడా ఆగకుండా ఒక వంపు నుంచి ఇంకో వంపుకి పైకి జారిపోవడానికి కారణం అదే.

ఇందులో నన్ను బాగా కట్టిపడేసింది అందం కాదు, నీళ్ల లెక్క. ఎనిమిది మూలల పెట్టె పై వరసలు ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా బయటికి జరిగి, గోడ పైభాగం గిన్నె అంచులా విచ్చుకుంటుంది. దీన్ని "పవాల్" అంటారు. కప్పు అంచు దాని మీద ఆనుతుంది కాబట్టి వాన నీళ్లు గోడకి దూరంగా పడతాయి. చూసేవాడికి అలంకారంలా ఉంటుంది, కట్టినవాడికి మాత్రం అది చూరు.

బాడిస_చేతిలో

మా నాన్న, తాత వడ్రంగులు. నేను ఫర్నిచర్ షాపు నడుపుతున్నాను, ఇప్పటికీ బాడిస పట్టుకోకుండా రోజు గడవదు. రెండేళ్లు ఫిన్లాండ్‌లో దుంగ ఇళ్లు కట్టే చోట పనిచేశాను, కీజి ఉన్న కరేలియా ఆ పక్కనే. కాబట్టి కర్ర సంగతి నేను చెబుతాను.

అన్నా, మీ నాన్నగారికి చెప్పండి, మన దగ్గరికి పెట్టెలుగా వచ్చే పైన్ వేరు, ఇది వేరు. అక్కడ వేసవి రెండు మూడు నెలలే. చెట్టు ఏడాదికి ఎంతో పెరగదు. దుంగ చివర చూస్తే రింగులు నోటుపుస్తకం కాగితాల్లా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. నేను మొదటిసారి అలాంటి దుంగ మొహం మీద గోరు పెట్టి లెక్కపెట్టబోతే అరంగుళంలోనే లెక్క పోయింది. అలా మెల్లగా పెరిగిన మానుకి లోపల చేవ ఎక్కువ, ఆ చేవ నిండా జిగురు. తొందరగా పెరిగిన పైన్‌కి ఆ చేవ ఉండదు. మన దగ్గర కూడా తోటలో నీళ్లు పెట్టి పెంచిన టేకు, అడవి టేకు ఒకటి కాదు కదా, ఆయనకి ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

రెండోది, చెట్టుని చలికాలంలో కొడతారు. అప్పుడు మానులో పారే నీరు తక్కువ, మంచు మీద లాక్కురావడం కూడా తేలిక.

మూడోది గొడ్డలి. పాతకాలం పని రంపంతో కాదు, గొడ్డలితో. రంపం పళ్లు పీచుని చీల్చి వదిలేస్తాయి, ఆ తెరుచుకున్న చివరల్లోంచి నీళ్లు లోపలికి ఎక్కుతాయి. మంచి పదునున్న గొడ్డలి దెబ్బ పీచుని నొక్కేస్తుంది, మొహం మూసుకుపోతుంది. నేను రెండు ముక్కలు ఒకటి రంపంతో ఒకటి గొడ్డలితో కోసి ఒక చలికాలం బయట వదిలేసి చూశాను, రంపం ముక్క చివర నల్లబడిపోయింది, గొడ్డలిది బూడిద రంగుకి తిరిగింది అంతే.

మూలల దగ్గర దుంగ చివరలు జానెడు పైన బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి చూడండి, దండగ అనిపిస్తుంది. అది కావాలనే వదిలింది. గాడి కొట్టిన చోటే దుంగకి బలం తక్కువ, తడి తగిలితే ముందు అక్కడే పుచ్చుతుంది. ఆ పొడుగు చివర వానకి ఎండకి ముందు దెబ్బ తిని, గాడిని కాపాడుతుంది.

గుమ్మటాల పెంకులు పైన్ కాదు, ఆస్పెన్. రష్యన్‌లో "ఒసీనా". ఆ పెంకుని "లేమెఖ్" అంటారు. మామూలుగా ఆస్పెన్‌ని ఎవరూ లెక్కచెయ్యరు, పొయ్యిలోకి కూడా సరిగ్గా పనికిరాదంటారు. కానీ పచ్చిగా ఉన్నప్పుడు గొడ్డలికి బాగా లొంగుతుంది, ఎండాక గట్టిపడుతుంది, పగలడం తక్కువ. ఒక్కో పెంకు మూరెడు లోపు ఉంటుంది, కొస మెట్లు మెట్లుగా చెక్కి ఉంటుంది. చదునుగా ఉండదు, గుమ్మటం ఉబ్బుని బట్టి ఒక్కోటి ఒక్కో వంపు. 22 గుమ్మటాలకీ కలిపి సుమారు 30 వేల పెంకులు. ఒక్కోటీ చేత్తో చెక్కిందే. కొత్తగా పెట్టినప్పుడు లేత పసుపు, కొన్నేళ్లకి వెండిలా తిరుగుతాయి. జనం రేకు కొట్టారనుకుంటారు. సాయంత్రం ఎండ పడితే గులాబీ రంగు, మబ్బు పడితే సీసం రంగు.

అడితి_వారబ్బాయి

మీ అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఫోన్లో ఇదంతా నాన్నకి చదివి వినిపించాను, గంటన్నర పట్టింది. దుంగ చివర రింగుల దగ్గర ఆపి రెండుసార్లు చదివించుకున్నారు. "చేవ" అన్న మాట వినగానే "వాడెవడో కర్ర తెలిసినవాడు" అన్నారు, బాడిస అన్నకి చెప్పమన్నారు.

కానీ వెంటనే ఇంకో ప్రశ్న. "అంతా ఒకదాని మీద ఒకటి పేర్చిందే అయితే, అడుగు దుంగ పుచ్చితే ఎలా మారుస్తారు? నేల తడి ముందు తగిలేది దానికే. మూడు వందల ఏళ్లలో అది పుచ్చకుండా ఉండదు" అంటున్నారు. నా దగ్గర జవాబు లేదు.

స్తంభం_దూలం

మీ నాన్నగారు సరిగ్గా అసలు చోట వేలు పెట్టారు. ఏళ్ల తరబడి నిపుణులంతా తలపట్టుకున్నది ఈ ప్రశ్న దగ్గరే.

కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. 19వ శతాబ్దంలో చర్చి గోడలకి బయట పలకలు కొట్టారు, కప్పుకీ గుమ్మటాలకీ రేకు వేశారు. అప్పటి అభిరుచికి దుంగలు మోటుగా కనపడ్డాయి, రాతి కట్టడంలా తెల్లగా నున్నగా ఉండాలనుకున్నారు. 1950లలో అలెగ్జాండర్ అపలోవ్నికోవ్ అనే ఆర్కిటెక్ట్ ఆ తొడుగంతా తీయించి, చెక్క పెంకులు తిరిగి పెట్టించి, ఇప్పుడు మనం చూసే రూపం బయటికి తెచ్చారు. ప్రపంచం కీజిని చూసి ఆశ్చర్యపోయింది ఆ తర్వాతే. అయితే ఆ పలకలు వానని ఆపుతున్న గొడుగు కూడా. అవి తీసేశాక దుంగలకి నేరుగా వాన తగిలి పాడవడం తొందరైందని చాలామంది తప్పుపట్టారు. నా మటుకు ఆయన చేసింది తప్పని అనలేను, ఆ దుంగ గోడల్ని చూశాక అస్సలు అనలేను. కానీ నీళ్ల విషయంలో తప్పుపట్టినవాళ్ల మాటలోనూ నిజం ఉంది.

మొత్తానికి 1980 నాటికి దుంగల్లో పుచ్చు, పురుగు, కట్టడం వంగిపోవడం, ఇవన్నీ చూసి లోపలికి జనాన్ని ఆపేశారు. లోపలున్న దేవుడి పటాల గోడని, నాలుగు వరసల్లో 102 పటాలు, విప్పి భద్రపరిచారు. కూలిపోకుండా చర్చి కడుపులో ఇనుప చట్రం నిలబెట్టారు. అక్కడితో ఆగిపోయింది. ఏం చెయ్యాలన్నది ఏళ్ల తరబడి తేలలేదు. మొత్తం విప్పి మళ్లీ పేరుద్దామని కొందరు. విప్పితే మళ్లీ అదే చర్చి రాదని కొందరు, ఎందుకంటే మూడు వందల ఏళ్లు ఒకే చోట ఒకే బరువు కింద నలిగిన దుంగలు ఒకదాని వంపుకి ఇంకోటి అలవాటు పడి ఉంటాయి. 1990లో యునెస్కో జాబితాలో చేరాక ఇది రష్యాకి మాత్రమే సంబంధించిన విషయం కాకుండా పోయింది.

చివరికి చేసింది ఇదీ. మన దగ్గర రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లంలో పడితే జాకీలు పెట్టి ఇల్లు లేపుతారు చూశారా, ఆలోచన అలాంటిదే. చర్చిని ఎత్తులో ఏడు అంచెలుగా లెక్కకట్టుకున్నారు. పై అంచెలన్నిటినీ లోపలి ఇనుప చట్రానికి వేలాడదీసి, కింది అంచె ఒక్కదాన్ని దుంగ దుంగకీ నంబరు వేసి విప్పారు. దీవి మీదే పెట్టిన షెడ్డుకి తీసుకెళ్లారు. ఒక్కో దుంగని పరీక్షించి, పుచ్చిన మేర మాత్రమే తొలిచి అక్కడ సరిపోయే కొత్త ముక్క అతికారు. ఇక లాభం లేదన్నదాన్నే పూర్తిగా మార్చారు. షెడ్డులోనే ఒకసారి పేర్చి చూసుకుని, తెచ్చి చర్చి కింద మళ్లీ కూర్చోబెట్టారు. తర్వాత పై అంచె. పని జరుగుతున్నప్పుడు ఒక ఏడాది ఫోటోలో చర్చి నడుము దగ్గర ఖాళీ, ఆ ఖాళీలోంచి అవతలి ఆకాశం కనపడుతుంది, పైన గుమ్మటాలన్నీ అలాగే ఉన్నాయి. నేను ఆ ఫోటో ప్రింట్ తీసి ఆఫీసులో గోడకి పెట్టుకున్నాను.

దాదాపు పదేళ్లు పట్టింది. 2020కి పూర్తిచేసి లోపలికి మళ్లీ జనాన్ని వదులుతున్నారు.

మచిలీ_రాము

చదువుతుంటే బాగుంది గానీ ఒక సందేహం. దుంగలు మార్చారు, ముక్కలు అతికారు, పెంకులన్నీ కొత్తవి. అలాంటప్పుడు 1714 చర్చి అని ఎలా అంటాం? పాత డిజైన్‌తో కొత్త చర్చి అనాలి కదా. ఎవరినీ నొప్పించాలని కాదు, నిజంగానే అడుగుతున్నాను.

బాడిస_చేతిలో

రాము గారూ, పెంకుల మాట వదిలెయ్యండి, ఆస్పెన్ పెంకు కొన్ని దశాబ్దాలకి మారాల్సిందే, కట్టినవాళ్లకి కూడా అది తెలుసు. మన పెంకుటిల్లు పెంకులు నేయించినంత మాత్రాన కొత్తిల్లు అనం కదా. గోడల సంగతి వేరు, మీ ప్రశ్న అక్కడ న్యాయమైనదే.

నేను చెప్పేది పనివాడి వైపు నుంచి. పుచ్చిన దుంగ తీసేసి మొత్తం కొత్త దుంగ పెట్టడం ఎంత తేలికో, పుచ్చిన మేర తొలిచి, పాత దుంగ వంపుకి తగ్గట్టు కొత్త ముక్క చెక్కి వెంట్రుక సందు లేకుండా కూర్చోబెట్టడం అంత కష్టం. అదే రకం పైన్ కావాలి, రింగులు అంతే దగ్గరగా ఉండాలి, లేకపోతే ఎండకి ఒకటి ఒకలా ఇంకోటి ఇంకోలా కుంచించుకుపోయి అతుకు విడిపోతుంది. ఆ పాత గొడ్డలి పని నేర్చుకుంటే తప్ప ఇది కుదరదు. దీవి మీద వడ్రంగులకి శిక్షణ కూడా ఇస్తున్నారు. పాత దుంగ మీద 1714 నాటి వాడి గొడ్డలి గాట్లు అలాగే ఉన్నాయి, పక్కన కొత్త ముక్క మీద ఇప్పటివాడి గాట్లు. దగ్గర నుంచి చూస్తే రంగు తేడా తెలుస్తుంది, దాచలేదు. నాకైతే ఆ అతుకు చూసినప్పుడు ఒళ్లు పులకరించింది.

మచిలీ_రాము

పుచ్చిన మేరే తొలిచారన్నది నేను సరిగ్గా గమనించలేదు. దుంగలకి దుంగలే మార్చేశారనుకున్నాను. సరే, ఒప్పుకుంటున్నాను.

రాదుగ_పాఠకుడు

పెద్దవాణ్ణి, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా చిన్నతనంలో మాస్కో నుంచి వచ్చే తెలుగు పుస్తకాల్లో, ప్రగతి వాళ్లవీ రాదుగ వాళ్లవీ, ఉల్లిపాయ గుమ్మటాల బొమ్మలుండేవి. అలాంటివి నిజంగా ఉంటాయా అని అడిగేవాళ్లం. రిటైరయ్యాక, 2016లో, మా అబ్బాయి తీసుకెళ్లాడు. కీజి చూశాం, మర్నాడు పెత్రజవోద్స్క్‌కి పైన ఉన్న కొందోపొగ అనే ఊరికి వెళ్లాం. అక్కడ 1774లో కట్టిన చెక్క చర్చి ఉండేది.

కీజిలాగా గుమ్మటాల గుంపు కాదు. ఒక్కటే గోపురం, 42 మీటర్లు, డేరాలా కొసదేరి, సరస్సు ఒడ్డున ఒంటరిగా. లోపల ఎవరూ లేరు. కిటికీలోంచి పడిన వెలుగు నేల పలకల మీద పడి ఉంది. ఆ పలకలు జనం నడిచి నడిచి నడిమిన పల్లంగా అరిగిపోయాయి, చెక్కలో ఉన్న ముడులు మాత్రం అరక్కుండా బొబ్బల్లా పైకి నిలిచి ఉన్నాయి. మా ఆవిడ చెప్పులు విప్పి వాటి మీద నడిచింది.

2018 ఆగస్టు 10న అది కాలిపోయింది. ఒక కుర్రాడు నిప్పు పెట్టాడని తేలింది. 244 ఏళ్లు నిలిచింది కొన్ని గంటల్లో బూడిద. వార్త చూసి నేనూ మా ఆవిడా ఆ రోజు అన్నం తినలేదు. ఎక్కడి ఊరు, ఎక్కడి చర్చి, మనకేం సంబంధం అని మా తమ్ముడు అడిగాడు. మేం దాని మీద నడిచాం, అంతకంటే ఏం చెప్పను.

అందుకని బాబూ, మీ నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్లు. వచ్చే ఏడాది చూద్దాంలే అనకు.

కీజి గురించి అక్కడ ఒక కథ చెబుతారు, వినే ఉంటారు. నేస్తర్ అనే మేస్త్రీ కట్టడం పూర్తిచేసి, తన గొడ్డలిని సరస్సులోకి విసిరేసి, "ఇలాంటిది ఇంతకుముందు లేదు, ఇప్పుడు లేదు, ఇక ఉండదు" అన్నాడట. అది కథే, కాగితాల్లో ఆ మేస్త్రీ పేరు ఎక్కడా లేదు. కానీ రేవులో నిలబడి నీళ్లలోకి చూస్తే మనకీ గొడ్డలి వెతకాలనిపిస్తుంది.

స్తంభం_దూలం

రాదుగ గారూ, కొందోపొగ నేల గురించి మీరు రాసింది దాచుకున్నాను. నేను దాన్ని చూడలేకపోయాను, వెళ్దామనుకున్న ఏడాదే పోయింది.

అడితి తమ్ముడికి ఇంకొక్కటి. లోపలికి వెళ్లినప్పుడు నాన్నగారు తలెత్తి 37 మీటర్లూ చూడబోతారు. కనపడదు. తల మీద చాలా ముందే చదునైన లోకప్పు ఉంటుంది. దానికి "నేబొ" అని పేరు, ఆకాశం. కిరణాల్లా విచ్చుకున్న పట్టీల మధ్య దేవదూతల బొమ్మలు ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ బొమ్మలు పోయాయి, పాత ఫోటోల్లోనే మిగిలాయి. దాని పైన ఉన్నదంతా ఖాళీ గోపురం, చలికి వెచ్చదనానికి సంబంధం లేదు, కేవలం దూరాన పడవలో వచ్చేవాడికి కనపడటానికి కట్టింది. కొందరు ఇది చూసి నిరాశపడతారు, ముందే చెప్పి ఉంచండి.

అడితి_వారబ్బాయి

అన్నీ చదివి వినిపించాను. రాదుగ గారి మాట దగ్గర నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టికెట్లు ఎప్పుడు తీస్తావని అడిగారు. ఇవాళే తీసేశాను, పెత్రజవోద్స్క్‌లో రెండు రాత్రులు పెట్టాను, గాలికి బోటు ఆగినా ఇంకో రోజు ఉంటుంది.

ఆఖరిది ఒక్కటి అడుగుతాను. నాన్నకి మోకాళ్ల నొప్పి, ఎక్కువ నడవలేరు. ఆయనకి కావలసింది దుంగ మూల దగ్గర నిలబడి గాడి ఎలా కూర్చుందో చూడటం. పెద్ద చర్చి దగ్గర అంత దగ్గరికి రానిస్తారా, పై వరసలు కంటికి ఆనతాయా?

బాడిస_చేతిలో

పెద్ద చర్చి మెట్ల దగ్గర కింది వరసలు బాగానే కనపడతాయి. కానీ ఆయన్ని లాజరస్ చర్చి దగ్గరికి తీసుకెళ్లండి. చాలా చిన్నది, 14వ శతాబ్దం చివరిదంటారు, రష్యాలో మిగిలిన చెక్క చర్చిలన్నిటిలో పాతది అదేనని పేరు. మూరొమ్ మఠం అనే చోట ఉండేది, 1959లో విప్పి ఈ దీవికి తెచ్చి నిలబెట్టారు. వరసగా మూడు చిన్న పెట్టెలు, ముందు వసారా, మధ్యలో ప్రార్థన గది, చివర బలిపీఠం, పైన ఒక్క బుల్లి గుమ్మటం. అంతే. పెద్ద చర్చిలో ఉన్న విద్య అంతా ఇందులో ఉంది, మూల, గాడి, పొడుచుకొచ్చిన చివర, అన్నీ కంటికి ఎదురుగా. మెడ ఎత్తక్కర్లేదు.

దారిలోనే అషేవ్నెవ్ అనే రైతు ఇల్లు ఉంటుంది, 1876ది. మనుషులుండే గదులు, పశువుల కొట్టం, గడ్డి అటక అన్నీ ఒకే కప్పు కింద. అక్కడ ఆయన కాసేపు ఆగి చూసుకుంటారు, మోకాళ్లకీ విశ్రాంతి. లాజరస్ చర్చి దగ్గర పొద్దున్న జనం తక్కువ. వాయవ్యం మూల దగ్గర నిలబెట్టి, ఆయనకి కళ్లజోడు ఉంటే మర్చిపోకుండా పట్టుకెళ్లండి. ఏం అన్నారో వచ్చి ఇక్కడ రాయండి.